నాలుగు నిమిషాల బోర్డు

కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఆఫీసులో ఎవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. అందరికీ అతను సెక్షన్ గారు. మొదట్లో వెనకాల నవ్వుకుంటూ అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు, చివరికి అతనే ఫోనెత్తి “హలో, సెక్షన్‌ని మాట్లాడుతున్నా” అనేదాకా వచ్చింది. బిరుదు వచ్చిపడితే మోయక తప్పదంటారు. ఇతగాడు మోయడమేమిటి, దాన్నెక్కి ఊరేగాడు.

ఆఫీసంటే స్థానిక అభివృద్ధి మండలి ఆఫీసు. మెట్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, చిన్నచిన్న వంతెనలు, వీటికని రాష్ట్రం పంపే నిధుల్ని ఖర్చు పెట్టే చోటు. ఒకప్పుడు ఆ ఖర్చు ఎలా జరిగేదో అడక్కండి. ఛైర్మన్ బావమరిది ఇంటి ముందు మూడు దీపాలు, ఆసుపత్రి గేటు ముందు గుడ్డి చీకటి. ఎవరికీ చెప్పాపెట్టకుండా రాత్రికి రాత్రి రోడ్డు తవ్వేసేవారు. ఇదేమిటని అడిగితే “మంజూరైపోయిందండీ” అనేవారు. ఆ మాటతో ఎంతటివాడి నోరైనా మూతపడేది.

ఆ ఆటలు కట్టించడానికే రాష్ట్రంలో ఓ చట్టం వచ్చింది. మండలి ఏ పని మీద నిధులు ఖర్చు పెట్టాలన్నా, ముందు ఆ పని జరిగే చోటే ఇరవై ఒక్క రోజులు బోర్డు నిలబెట్టాలి. ఏం పని, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, అభ్యంతరముంటే ఏ రోజు సభకి రావాలి, అన్నీ పెద్ద అక్షరాల్లో రాయాలి. సభలో ఒక్క ముసలమ్మ లేచి “నాకిది వద్దు నాయనా” అన్నా వినాలి. బోర్డు పెట్టకుండా పని మొదలెట్టినట్టు తేలితే పని ఆగుతుంది, నిధికి తాళం పడుతుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది.

సెక్షన్ గారు ఆ చట్టాన్ని నెల తిరక్కుండా కంఠతా పట్టాడు. మిగతావాళ్ళు దాన్ని చూసి తల పట్టుకుంటే ఇతనొక్కడే మురిసిపోయాడు. ఇంటికి రంగులేయడానికొచ్చిన మేస్త్రీకి కూడా తొమ్మిదో సెక్షన్ చెప్పాడట. అతని భార్య అయితే “ఈయనకి జ్వరమొస్తే థర్మామీటరు అక్కర్లేదు, సెక్షన్ నంబరు తప్పు చెప్తే జ్వరమొచ్చినట్టే” అనేది. నవ్వులాటకేం గానీ, మనిషి నిజంగానే నమ్మాడు. ఇక ఎవడి గుమ్మం ముందూ చెప్పకుండా గొయ్యి తవ్వలేరని అతనికి గుండె నిండా సంతోషం.

ఆ సంతోషం అందరికంటే ముందు చెప్పుకున్నది అక్కకి.

అమ్మ పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు, అక్కకి పదిహేడు. నాన్న పనుల మీద తిరిగే మనిషి, ఇంట్లో ఉండేవాడు కాదు. కొండవాలు మీద మెట్ల సందులో, కిందనుంచి నాలుగో ఇల్లు వాళ్ళది. అక్క ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల చొక్కాలు, కిటికీ తెరలు, దుప్పట్ల అంచులు కుట్టి తమ్ముణ్ణి పెంచింది. వాడు మిషను పక్కన పీట మీద కూచుని పాఠాలు చదవాలి. మిషను చప్పుడు మించి వినబడాలి. గొంతు తగ్గితే చాలు, తలెత్తకుండానే “గట్టిగా చదవరా, వినబడట్లేదు” అనేది. ఆవిడకి చదువు రెండో తరగతితో ఆగింది. వాడి పాఠాలన్నీ అలా విని విని నేర్చుకుంది.

ఆరేళ్ళప్పుడు వీడు చేసిన ఘనకార్యం ఒకటుంది. మిషను తిరుగుతుంటే సూది ఎక్కడికి పోతోందో చూద్దామని బొటనవేలు కింద పెట్టాడు. సూది గోట్లో దిగి అవతలికి వచ్చింది. అక్క వాణ్ణి భుజాన వేసుకుని, చెప్పులైనా తొడుక్కోకుండా మెట్లన్నీ ఒక్క పరుగున దిగి, కాలువ మీది బండ దాటి, బస్టాపు పక్కనున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గోరు ఊడి మళ్ళీ మొలిచింది గానీ నడిమధ్యన చీలికతో మొలిచింది. ఇప్పటికీ ఆ కుడి బొటనవేలి గోరు రెండు చెక్కలుగానే ఉంటుంది.

చట్టం వచ్చిన కొత్తలో అక్క దగ్గర కూచుని ఇంత వివరంగా చెప్పాడు. “బోర్డు లేకుండా ఇక ఎవడూ ఇటుక కూడా పెట్టడానికి వీల్లేదక్కా. బోర్డు వస్తుంది, ఇరవై ఒక్క రోజులుంటుంది, మీకిష్టం లేకపోతే వచ్చి చెప్తారు, అంతే.” అక్క కాజాలు కుడుతూ విని, మర్నాడు సందంతా టాంటాం వేసింది. మా తమ్ముడు చెప్పాడంటే రాసిపెట్టుకోవచ్చని అందరికీ చెప్పింది. ఆ సందులో అక్క మాటంటే మాటే. శుక్రవారం ఇస్తానంటే శుక్రవారమే, గురువారం రాత్రి నిద్ర లేకపోయినా సరే. ఎవరూ రసీదు అడిగేవారు కాదు.

ఇంత చెప్పినవాడు చేసిందేమిటంటే, వినండి.

మొదటి బోర్డు ఇనుప చట్రంతో, రెండు కాళ్ళతో బ్రహ్మాండంగా చేయించారు. నిలబెట్టిన రెండో రోజుకి లేదు. ఇనుము కదా, ఎవడో పాత సామాన్లవాడికి వేసేశాడు. రెండోది కాంక్రీటులో పాతితే కాళ్ళు మాత్రం మిగిల్చి పైభాగం కోసుకుపోయారు. మూడోది చేయించాక ఇంజినీరు దాన్ని ఆఫీసులోనే గోడకి ఆనించి, “దీనికి ఇరవై ఒక్క రోజులు కాపలా ఎవడు కాస్తాడయ్యా? నువ్వు కాస్తావా?” అన్నాడు. పనులేమో ఆగిపోతున్నాయి, ఏడాది తిరిగితే నిధులు వెనక్కి పోతాయి. అందరూ సెక్షన్ వైపు చూశారు.

అలా చూడ్డమే కొంప ముంచింది. మెచ్చుకోలుకి పడిపోయే మనిషి. రాత్రంతా కూచుని చట్టం తిరగేసి, పొద్దున్నే మొహం వెలిగిపోతూ వచ్చాడు. “బోర్డు ఉందనడానికి సాక్ష్యంగా మొదటి రోజు ఫోటో, చివరి రోజు ఫోటో ఫైల్లో ఉండాలి. తేదీ తెలిసేలా ఆ రోజు పేపరు కనబడాలి. అంతే రాసుంది సార్. మధ్యలో ఫోటో అడగలేదు.”

ఇంజినీరు లేచొచ్చి భుజం తట్టాడు. ఆ రోజునుంచి అదే పద్ధతి. వ్యాను డ్రైవరూ సెక్షన్ గారూ బోర్డు వేసుకుని వెళ్ళేవారు. దింపడం, నిలబెట్టడం, ఇతను పక్కన నిలబడి ఆనాటి పేపరు పట్టుకోవడం, డ్రైవరు ఫోటో తీయడం, మళ్ళీ వ్యాన్లో పడేయడం, మొత్తం నాలుగు నిమిషాలు. మధ్యలో పంతొమ్మిది రోజులూ ఆ బోర్డు ఆఫీసులో బీరువా వెనక గొడుగుల పక్కన నిలబడి ఉండేది. చివరి రోజున ఇంకో నాలుగు నిమిషాలు షికారు. ఒకే బోర్డు మీద కాగితాలు మారుస్తూ ఐదేళ్ళలో ముప్ఫై తొమ్మిది పనులు దాటించారు. సభ రోజున హాల్లో కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు, టీ తెచ్చినవాడు ఒకడు ఉండేవారు. “అభ్యంతరములు లేవు” అని సెక్షన్ గారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. కంచే చేను మేయడమంటే ఇంకెలా ఉంటుంది?

మొదట్లో కాస్త గుచ్చుకునేది. బోర్డు వ్యాన్లోకి ఎక్కిస్తున్నప్పుడు ఎవరైనా దారిన పోతూ చూస్తే మొహం తిప్పుకునేవాడు. తర్వాత అదీ పోయింది. అలవాటైతే దేనికీ సిగ్గుండదు.

నలభయ్యో పని ‘పద్నాలుగో నంబరు కాలువ, దిగువ భాగం, రక్షణ గోడ’. వానాకాలంలో కొండమీంచి దిగే నీళ్ళతో ఆ కాలువ పొంగి రోడ్డు మీదికొస్తోంది, కాబట్టి కొండవైపు ఎత్తుగా గోడ. ఫైల్లో ఎనిమిది మడతల డ్రాయింగు ఉంది. సెక్షన్ గారు పైమడత మీద సంతకం చూసి, లోపలి మడతలు విప్పకుండానే ముడేసి పెట్టాడు.

బోర్డు తీసుకుని వెళ్తే, చోటు ఎక్కడో కాదు, అక్క వాళ్ళ సందు మొదట్లోనే. మిట్టమధ్యాహ్నం. మెట్ల మీద మనిషి లేడు. పైనుంచి కుట్టుమిషను చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

“మీ అక్కగారిల్లు ఇక్కడే కద్సార్? ఒకసారి చూసొస్తారా, నేనుంటా,” అన్నాడు డ్రైవరు.

“ఇప్పుడెక్కితే అన్నం తినేదాకా వదలదు. ఇంకా రెండు చోట్లకి పోవాలి. తియ్, తియ్, తొందరగా తియ్,” అని పేపరు ఎత్తి పట్టుకున్నాడు సెక్షన్.

నాలుగు నిమిషాలు. వ్యాను వెళ్ళిపోయింది. ఇరవయ్యొకటో రోజున ఇతను రాలేదు కూడా, డ్రైవరొక్కడే వచ్చి పేపర్ని బోర్డుకి క్లిప్పు పెట్టి ఫోటో తీసుకొచ్చాడు.

మరో నెలకి అక్క ఫోను చేసింది. “తమ్ముడూ, మా మెట్ల కింద ముగ్గుపిండితో గీతలు గీసి, మేకులు కొట్టారురా. ఏంటో తెలుసా?” ఇతను ఏదో పనిలో ఉన్నాడు. “కాలువకి గోడక్కా, మీ మంచికే,” అన్నాడు. అక్క ఫోను పెట్టేసింది. ఇంకో పది రోజులకి మళ్ళీ చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది. “ఒరేయ్, గోడ మా మెట్లకి అడ్డంగా లేస్తోందిరా. దారి వదల్లేదు. నడుం ఎత్తు వచ్చేసింది.”

అప్పుడు విప్పాడు మహానుభావుడు ఆ ఎనిమిది మడతలూ. ఎర్ర గీత ఈ చివరనుంచి ఆ చివరకి తిన్నగా పోయింది. మెట్లున్న చోట ఖాళీ లేదు, కాలువ మీది బండ అసలు గీయనే లేదు. ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాడు. ఆయన తాపీగా, “ఎవరైనా సభకొచ్చి చెప్పుంటే దారి పెట్టేవాళ్ళం. ఒక్కడూ రాలేదుగా. అభ్యంతరాలు లేవని రాసింది నువ్వే కదయ్యా,” అన్నాడు. సెక్షన్‌కి తన ముత్యాల్లాంటి అక్షరాలు గుర్తొచ్చాయి.

ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళాడు. కిందనుంచి దారి లేదు కాబట్టి బస్సు దిగి, కొండ చుట్టూ తిరిగి, పైనుంచి దిగాలి. అరగంట పట్టింది. వెళ్ళగానే చెప్పేయాలని దారంతా అనుకున్నాడు. ‘అక్కా, బోర్డు పెట్టాల్సింది నేనే, పెట్టలేదు.’ పది మాటలు కూడా లేవు. మనసులో ఎన్నోసార్లు వల్లెవేశాడు.

గుమ్మంలో అక్కతో పాటు పోస్టుమాన్ తాత కూచున్నాడు. ఆయన రిటైరై ఎన్నేళ్ళయినా సందులో ఎవరికే కాగితం రావాలన్నా పోవాలన్నా ఆయన చేతి మీదుగానే. చేతిలో నాలుగు పేజీల అర్జీ ఉంది.

“రా చిన్నోడా, సమయానికొచ్చావు,” అన్నాడు తాత. “రాష్ట్రంలో మీ పైవాళ్ళకి రాశాను చూడు. బోర్డే పెట్టలేదని. అసలు మేకులు కొట్టిన రోజే పదిమందిమి కలిసి మీ ఆఫీసు మీదికి పోదామనుకున్నాం. మీ అక్కే ఆపింది.”

“మరి ఆపనా?” అంది అక్క. “బోర్డు లేకుండా ఇటుక పెట్టడానికి వీల్లేదని నువ్వే కదరా చెప్పావు. బోర్డు రాలేదు కాబట్టి పనీ రాదు, ఊరికే కొలతలనుకున్నా. అందరికీ అదే చెప్పా. మా తమ్ముడుండగా మన సందుకి చెప్పకుండా ఏం చేస్తారని చెప్పా.” అని చిన్నగా నవ్వింది. “బస్సు దిగి వచ్చేవాళ్ళందరూ ఆగిపోయార్రా. ఈ వారంలో నలుగురే వచ్చారు. చొక్కాకి గుండీలు కుట్టించుకోవడానికి అరగంట కొండ చుట్టూ ఎవరు తిరుగుతారు చెప్పు? నా మోకాలికైతే డాక్టరు దగ్గరికి పోవడం కూడా మానేశా.”

అతనికి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. చట్టం తెలియనివాళ్ళయినా గొడవ పెట్టి దారి కాపాడుకునేవాళ్ళు. తను నేర్పిన చట్టాన్ని నమ్మినందుకు వీళ్ళు దారి పోగొట్టుకున్నారు. నోరు తెరిచాడు. అక్క అన్నం వడ్డించింది. నోరు మూశాడు.

“తనిఖీకి ఎవరో వస్తారట. వాళ్ళు బోర్డు లేదని రాసుకుంటే గోడ ఆగుతుందట కదూ?” అంది అక్క.

“ఆగుతుంది,” అన్నాడు.

“అర్జీ అందిన ముప్ఫై రోజుల్లోపే తేలాలట. తేలకపోతే ఇక అంతేనట.”

“అంతే,” అన్నాడు. అన్నం మింగలేక కక్కలేక తిని, తేలు కుట్టిన దొంగలా లేచి వచ్చేశాడు. ‘తనిఖీ వాళ్ళే కనిపెడతారులే, సందంతా చెప్తుంది కదా, నేను నోరు విప్పకుండానే పని జరిగిపోతుంది’ అని దారిలో తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పిరికివాడికి ఇలాంటి లెక్కలు బాగా వస్తాయి.

తనిఖీ అధికారి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట, ముక్కు మీద కళ్ళద్దాలు. అక్క గుమ్మం ముందే బల్ల వేశారు. ముప్ఫైమంది మెట్ల మీద కూచున్నారు. మండలి తరఫున ఫైలు పట్టుకుని రావాల్సింది సెక్షనే. అతన్ని చూడగానే సందులో అందరి మొహాలూ తేటపడ్డాయి. “మన చిన్నోడే వచ్చాడు,” అని ఎవరో అంటే, పక్కావిడ “ఇంకేం, అయిపోయినట్టే,” అంది. ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది.

“బోర్డు రాలేదంటున్నారు,” అంది అధికారి. “కానీ ఫైల్లో రెండు ఫోటోలున్నాయి. తేదీలున్నాయి. ఇదిగో, అర్జీలో మొదటి సంతకం మీదే కదమ్మా, చూడండి.”

మొదటి ఫోటో అక్క చేతికిచ్చింది. అక్క మెడలో వేలాడుతున్న కొలత టేపు పక్కకి నెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. దారంలో పోగు తప్పితే పట్టుకునే కళ్ళు అవి. వెనక తమ సందు మెట్లు, ముందు బోర్డు, ఓ పక్కన పేపరు. పేపరు పట్టుకున్న మనిషి ఫోటోలో లేడు, చెయ్యి మాత్రం ఉంది. పేపరు అంచు మీద కుడి బొటనవేలు, నడిమధ్యన చీలిన గోరు.

అక్క చాలాసేపు చూసింది. తర్వాత తమ్ముడి వంక చూడలేదు. దాంతోనే అతనికి తెలిసిపోయింది, గుర్తుపట్టేసిందని. చూసుంటే బాగుండేది, తిట్టుంటే బాగుండేది. కాళ్ళ కింద భూమి చీలి లోపలికి లాగేసుకుంటే అంతకంటే బాగుండేది.

“ఏమ్మా?” అంది అధికారి.

“ఉందండీ,” అంది అక్క.

“ఏది?”

“బోర్డు. ఉందండీ. నేను చూశాను. మర్చిపోయాను. వయసు మీద పడింది కదా, గుర్తు లేక వీళ్ళందరి చేతా సంతకాలు పెట్టించాను. తప్పు నాదే.”

మెట్ల మీద గుప్పున గోల లేచింది. “అదేంటక్కా!” అని ఒకరు, “చూసి కూడా మాకు చెప్పలేదా?” అని ఇంకొకరు. పోస్టుమాన్ తాత లేచి నిలబడ్డాడు. “అమ్మాయ్, ఏం మాట్లాడుతున్నావు? బోర్డు రాలేదని నాతో రాయించింది నువ్వే కదా!”

“మతిమరుపు బాబాయ్,” అంది అక్క. కొలత టేపుని వేళ్ళకి గట్టిగా చుట్టుకుంటోంది.

అప్పుడు చెప్పొచ్చు. నోట్లో నాలుకుంది, ఎదురుగా అధికారి ఉంది, అందరూ ఉన్నారు. చెప్పలేదు. ఆ క్షణంలో సెక్షన్ గారి మనసులో అన్నిటికంటే ముందు వచ్చిందేమిటో చెప్తే మీకే అసహ్యమేస్తుంది. బతికాం అనిపించింది. ఉద్యోగం దక్కింది, పేరు దక్కింది అనిపించింది. ఆ తర్వాతే సిగ్గు వచ్చింది. ఆ వరస అతను చచ్చేదాకా మర్చిపోడు.

అధికారి గబగబా రాసుకుంది. కాగితం తిప్పి సెక్షన్ చేతికిచ్చింది. చట్టంలో అదీ ఉంది మరి, పదకొండో సెక్షన్. ఇచ్చిన వాంగ్మూలాన్ని సంతకానికి ముందు మండలి ఉద్యోగి అందరూ వినేలా పైకి చదివి వినిపించాలి. ఈ ముక్క అతనే ఎంతమందికి నేర్పాడో.

చదవడం మొదలెట్టాడు. “పై సందు నివాసి, వృత్తి కుట్టుపని, తెలియజేయునది ఏమనగా... బోర్డు ఇరవై ఒక్క రోజులును మెట్ల దిగువన నిలిచి ఉండగా నేను స్వయముగా...” కాగితం కనబడుతోంది, అక్షరాలు కనబడుతున్నాయి, మాట పైకి రావట్లేదు.

“చదవరా,” అంది అక్క, నేల చూస్తూ. “గట్టిగా చదువు. వినబడట్లేదు.”

అదే గొంతు. మిషను పక్కన పీట మీద కూచున్నప్పటి గొంతు. అతను కాగితం బల్ల మీద పెట్టేశాడు.

“ఇది అబద్ధం మేడం. బోర్డు ఇక్కడ నాలుగు నిమిషాలే ఉంది. తర్వాత వ్యాన్లో వేసుకుపోయాం. ఆ ఫోటోలో వేలు నాది.” బొటనవేలు బల్ల మీద పెట్టి చూపించాడు. “ఇదొక్కటే కాదు, నలభై పనులూ ఇంతే. ఆ దారి కనిపెట్టింది నేనే. ఆవిడ నా సొంత అక్క. నన్ను కాపాడ్డానికి చెప్పింది.”

మొదట తేరుకున్నది తాతే. “ఓరి నీ చదువు తగలెయ్యా!” అన్నాడు. అధికారి మొదటి కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, “అమ్మా, అబద్ధపు వాంగ్మూలం ఇవ్వకూడదు, తెలుసా?” అంది అక్కతో, కటువుగా కాదు, కానీ ముప్ఫైమంది ముందు. అక్క తల దించుకునే ఊపింది. ఆ సందులో అక్క తల దించుకోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఒక్క నిమిషం ముందు, ఫోటో ఆవిడ చేతిలో ఉండగానే అతను నోరు విప్పి ఉంటే, ఆ తల దిగేది కాదు.

మిగతాదంతా చట్టం ప్రకారమే జరిగింది. గోడ పని ఆగింది, నిధికి తాళం పడింది, కొత్త బోర్డు వచ్చింది. దాన్ని సందువాళ్ళే వంతులేసుకుని ఇరవై ఒక్క రోజులూ కాపలా కాశారు. సస్పెండైన సెక్షన్ కూడా రోజూ సాయంత్రం వచ్చి బోర్డు పక్కన నిలబడేవాడు. ఎవరూ పొమ్మనలేదు, కుర్చీ కూడా వేయలేదు. సభకి ఎనభైమంది వెళ్ళారు. గోడలో దారి వదిలారు, పాత బండ స్థానంలో కొత్త పలక కూడా వేశారు. పాత పనుల మీదంతా విచారణ పెట్టారు. నాలుగు నెలలకి అతన్ని రికార్డు గదిలోకి మార్చి మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. అక్కడ అతన్ని ఎవరూ సెక్షన్ అనరు. “ఏమండీ” అంటారు.

అక్క అతన్ని ఒక్క మాటా అనలేదు. ఎందుకు చేశావని అడగలేదు. అడగమని ఒకసారి అతనే బతిమాలాడు. “అడిగితే ఏం చెప్తావురా? తిను, చల్లారిపోతుంది,” అంది.

ఓ సాయంత్రం ఆఫీసునుంచి తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళాడు. గోడలో వదిలిన దారిన మెట్లెక్కి వెళ్ళాడు. బస్సులు దిగి వచ్చేవాళ్ళతో ముందు గది పూర్వంలాగే సందడిగా ఉంది. అతను పాత పీట మీద కూచుని, అక్క చెప్పిన కాజాలకి గుర్తులు పెడుతున్నాడు. కింద ఇంటావిడ, ఇరవై ఏళ్ళుగా అక్క దగ్గరే కుట్టించుకునే మనిషి, పిల్లల చొక్కాలు నాలుగు బల్ల మీద పెట్టింది.

“శుక్రవారం తీసుకెళ్ళు,” అంది అక్క.

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “శుక్రవారమే కదక్కా? నిజంగానేనా?” అని నవ్వుతూ అడిగింది. పాపం, ఆవిడ మనసులో ఏ చెడూ లేదు, మామూలుగా అడిగింది.

అక్క మిషను ఆపింది. గల్లాపెట్టె కింద పిల్లల నోటుపుస్తకం ఒకటి ఉంటే తీసి, అందులోంచి ఓ కాగితం చింపి, పెన్సిలుతో ‘శుక్రవారం’ అని గుండ్రంగా రాసి, కింద సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ కాస్త తడబడింది గానీ మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తమ్ముడు ఆ పుస్తకం వంక చూశాడు. అందులో అప్పటికే సగం కాగితాలు చింపేసి ఉన్నాయి.